అతుకు కనపడని అల్లిక: విలియం మోరిస్ జీవితం

కంప్యూటరు తెర మీదనో, పెండ్లి శుభలేఖ మీదనో, దుకాణం వారిచ్చే కాగితపు సంచి మీదనో పూలతీగల నమూనా ఒకటి పరచుకొని ఉండడం నేడు మనం నిత్యం చూసే సంగతే. ఆ తీగ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఎంత వెదకినా దొరకదు. నిజానికి అది చిన్న చదరపు ముక్క మాత్రమే. ఆ ముక్కనే పక్కపక్కన, కిందా మీదా పేర్చుకుంటూ పోతే తెర అంతా నిండుతుంది. ముక్కకూ ముక్కకూ నడుమ అతుకు మాత్రం కనపడదు. ఈనాడు యంత్రం క్షణంలో చేసిపెట్టే ఈ పనిని నూట యాభై యేళ్ల క్రితం పెన్సిలుతోనూ, చెక్క అచ్చులతోనూ చేసి, ఇంగ్లండులో ఇళ్ల గోడల రూపాన్నే మార్చిన కళాకారుడు విలియం మోరిస్. ఆయన కవి, నేతగాడు, అద్దకపు పనివాడు, సామ్యవాది, ముద్రాపకుడు. ఇన్నీ ఒక్క మనిషే. ఈ దేశంలో స్థిరపడిన మన తెలుగువారికి ఆయన జీవితం తెలిసి ఉండడం అవసరం. ఎందుకంటే ఆయన చేపట్టిన విద్యకు మన మచిలీపట్నం తీరంతో పాత చుట్టరికం ఉంది.

మోరిస్ 1834 మార్చి 24న లండనుకు ఈశాన్యంగా ఉన్న వాల్తమ్‌స్టోలో జన్మించాడు. తండ్రి లండను నగరంలో హుండీల వ్యాపారి, సంపన్నుడు. డెవన్‌షైరులోని డెవన్ గ్రేట్ కన్సోల్స్ అనే రాగి గనిలో ఆయన కొన్న వాటాలు విపరీతంగా ఫలించి కుటుంబానికి పెద్ద ఐశ్వర్యాన్ని తెచ్చిపెట్టాయి. బాలుడైన మోరిస్ ఎప్పింగ్ అడవి అంచున ఆకులనూ, పక్షులనూ, పాత చర్చీలనూ చూస్తూ పెరిగాడు. 1847లో తండ్రి మరణించాడు. గని వాటాలు మాత్రం కుటుంబానికి మిగిలాయి. 1855లో యుక్తవయస్సు వచ్చేసరికి మోరిస్ వంతుకు సాలుకు 700 పౌన్లకు పైగా రాబడి వచ్చింది. ఆ రోజుల్లో అది పనిచేయకుండా బ్రతకడానికి చాలిన సొమ్ము. ఆయన మాత్రం తన సమకాలికులలో ఎవరికీ తీసిపోనంతగా పనిచేశాడు.

1851లో లండనులో మహా ప్రదర్శన జరిగినపుడు మోరిస్‌కు పదిహేడేళ్లు. దేశమంతా విరగబడి చూసిన ఆ యంత్రాల వైభవాన్ని చూడడానికి ఇంటివారితో వెళ్లి, ఆయన లోపలికి రానని బయటే కూర్చున్నాడని చెబుతారు. 1853లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కళాశాలలో చేరాడు. మతాధికారి కావాలని వెళ్లినవాడు, అక్కడ ఎడ్వర్డ్ బర్న్-జోన్స్‌తో స్నేహం కుదిరిన తరువాత కళలోకి మళ్లాడు. 1856లో జి.ఇ. స్ట్రీట్ అనే వాస్తుశిల్పి దగ్గర కొంతకాలం పనిచేశాడు. అక్కడే ఫిలిప్ వెబ్ అనే మరొక ఆజన్మ మిత్రుడు దొరికాడు. చిత్రకారుడు రోసెట్టి ప్రోద్బలంతో కుంచె పట్టాడు. 1859లో జేన్ బర్డెన్‌ను వివాహమాడాడు. ఆమె తండ్రి గుర్రపుశాలలో పనివాడు. ధనికుల బిడ్డ ఇటువంటి పెండ్లి చేసుకోవడం ఆనాటి సమాజానికి మింగుడు పడని విషయం.

ఆ దంపతుల కోసం వెబ్ బెక్స్‌లీహీత్‌లో ఎర్ర ఇటుకలతో ఒక ఇల్లు కట్టాడు. అదే రెడ్ హౌస్. ఇల్లయితే వచ్చింది గానీ, ఆ ఇంట్లో పెట్టుకోదగిన కుర్చీ, తెర, గోడకాగితం బజారులో మోరిస్‌కు నచ్చినవి ఏవీ దొరకలేదు. కావలసినవి మిత్రులంతా కలిసి తామే చేసుకున్నారు. ఆ ఉత్సాహం నుండే 1861 ఏప్రిల్‌లో మోరిస్, మార్షల్, ఫాక్‌నర్ అండ్ కంపెనీ పుట్టింది. సొంత ఇంటి అలంకరణ కోసం మొదలైన పని జీవితకాలపు వృత్తిగా మారింది.

1862లో మోరిస్ తన మొదటి గోడకాగితపు నమూనా గీశాడు. దాని పేరు ట్రెల్లిస్. రెడ్ హౌస్ తోటలోని చెక్కపందిరి, దాని మీద పాకిన గులాబీలు, నడుమ పక్షులు ఉన్న నమూనా అది. పక్షులను బొమ్మ కట్టడం తనకు రాదని తలచి, ఆ భాగాన్ని వెబ్ చేత గీయించాడు. 1864 నుండి ఆ కాగితాలు అమ్మకానికి వచ్చాయి. మొదట కంపెనీ వారే అచ్చు వేయబోయి కుదరక, ఇస్లింగ్టన్‌లోని జెఫ్రీ అండ్ కంపెనీకి ఆ పని అప్పగించారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చెక్క అచ్చు. ఒక రంగు వేసి, ఆరనిచ్చి, దాని మీద రెండవ రంగు వేయాలి. అచ్చు మూలల్లో చిన్న మేకులుంటాయి. అవి కాగితం మీద వేసే చుక్కలే తరువాతి అచ్చు ఎక్కడ దించాలో పనివాడికి గుర్తులు. తరువాతి కాలంలో సెయింట్ జేమ్స్ రాజభవనం కోసం 1880-81లో చేసిన నమూనాకు 68 అచ్చులు పట్టాయి.

ఇక్కడ అతుకు రహస్యాన్ని గురించి కొంత చెప్పాలి. అచ్చు కుడి అంచున తెగిపోయిన ఆకు, పక్క అచ్చు ఎడమ అంచున సరిగా అక్కడే మొదలు కావాలి. పైన తెగిన కాడ కింద అందుకోవాలి. ఇది మొదటి మెట్టు మాత్రమే. అంచులు ఎంత బాగా కలిసినా, ఒకే పువ్వు ఒకే వరుసలో మళ్లీ మళ్లీ వస్తూంటే కన్ను ఆ వరుసను పట్టేస్తుంది. గది నాలుగు గోడలూ సిపాయిల కవాతులా కనిపిస్తాయి. దీనికి మందు మన ఆడపడుచులకు బాగా తెలుసు. ముగ్గులో సరిచుక్కలు పెడితే చుక్క కింద చుక్క వస్తుంది. సందుచుక్కలు పెడితే రెండు చుక్కల నడుమ సందులోకి తరువాతి చుక్క దిగుతుంది. ఆ ముగ్గు నిలువుగానూ అడ్డంగానూ గాక ఏటవాలుగా అల్లుకుంటుంది. మోరిస్ చాలా నమూనాలలో వాడిన ఉపాయం ఇదే. పక్క వరుసను సగం ఎత్తు కిందికి దించుతాడు. తీగ ఏటవాలుగా సాగిపోతుంది. కన్ను తీగ వెంట వెళుతుందే గానీ లెక్కపెట్టడానికి ఆగదు.

1881లో లండనులోని శ్రామికుల కళాశాలలో నమూనాల కల్పన గురించి ఆయన ఒక ప్రసంగం చేశాడు. నమూనాకు అడుగున గట్టి లెక్క ఉండాలనీ, ఆ లెక్క పైకి కనపడకుండా ఆకులూ పూలూ నిండాలనీ, ప్రతి కాడా ఎక్కడి నుండి పుట్టిందో తెలిసేటట్లు పెరగాలనీ ఆయన అభిప్రాయం. ప్రకృతిని ఉన్నదున్నట్లు గోడకెక్కించడం ఆయనకు సమ్మతం కాదు. గోడ గోడగానే ఉంటూ తోటను జ్ఞాపకం చేయాలి. 1875 నాటి అకాంథస్, 1887 నాటి విల్లో బౌ నమూనాలు ఈ సూత్రానికి చక్కని ఉదాహరణలు.

కాగితం మీద సాధించిన దానిని గుడ్డ మీద సాధించడానికి ఆయనకు మరింత కాలం పట్టింది. అప్పటికి ఇంగ్లండు బజారంతా రసాయన రంగులతో నిండిపోయింది. 1856లో పెర్కిన్ అనే యువకుడు తారు నుండి ఊదారంగు తీసిన నాటి నుండి అటువంటి రంగులు చవకగా వచ్చాయి. కానీ చాలావాటికి నిలకడ లేదు, ఎండకు వెలిసిపోయేవి. మోరిస్ 1873లో ట్యూలిప్ అండ్ విల్లో అనే నమూనా గీసి ఒక అచ్చు కర్మాగారానికి పంపగా, వారు నీలిమందుకు బదులు ప్రష్యన్ బ్లూ అనే రంగు వేసి ఇచ్చారు. ఆ గుడ్డ ఆయనకు నచ్చలేదు. పనిని ఇతరుల మీద వదలితే ఇంతేనని గ్రహించి, పాత రంగుల విద్యను తానే నేర్చుకోవడానికి పూనుకున్నాడు.

1875 నుండి లీక్ అనే ఊళ్లో థామస్ వార్డిల్ రంగుల కర్మాగారంలో మోరిస్ ఏప్రాన్ కట్టుకొని తొట్ల దగ్గర నిలబడ్డాడు. నీలిమందు, మన మంజిష్ఠ వంటి మాడర్ వేరు, పసుపురంగునిచ్చే వెల్డ్ మొక్క, వీటి గుణాలను పాత గ్రంథాలు తిరగేస్తూ ఒక్కొక్కటిగా పరీక్షించాడు. మోచేతుల దాకా నీలిరంగు అంటిన చేతులతో ఆయన లండను తిరిగి వచ్చేవాడు. ధనవంతుని ఇంట పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన కవి ఇలా రంగు నీళ్లలో చేతులు ముంచడం చూసి మిత్రులు వింతపడ్డారు. చేతులతో చేయని పనికి నమూనా గీసే అర్హత లేదన్నది ఆయన విశ్వాసం.

1881లో లండనుకు దక్షిణాన వాండిల్ నది ఒడ్డున మెర్టన్ ఆబీ దగ్గర సొంత కర్మాగారం దొరికింది. నీలిమందు పనికి ఆ నీరు బాగా నప్పింది. ముందుగా గుడ్డనంతా నీలిలో ముంచుతారు. తరువాత రంగును హరించే ముద్దను అచ్చులతో అద్దితే, ఆ చోట్ల నీలం పూర్తిగానో సగమో పోతుంది. ఖాళీ అయిన చోట ఎరుపు, పసుపు అద్దాలి. ప్రతి మెట్టులోనూ ఉతకడం, ఆరబెట్టడం. 1883లో వచ్చిన స్ట్రాబెరీ థీఫ్ ఈ విధంగానే తయారైంది. ఆక్స్‌ఫర్డ్‌షైరులోని తన పల్లెటూరి ఇల్లు కెల్మ్‌స్కాట్ మేనర్ తోటలో పక్షులు స్ట్రాబెరీ పండ్లను దొంగిలించుకుపోతుంటే చూసి ఆయన ఈ నమూనా కల్పించాడు. పదేళ్ల క్రితం చెడిపోయిన ట్యూలిప్ అండ్ విల్లో కూడా మెర్టన్ ఆబీలో అసలైన నీలిమందుతో అచ్చయింది. ఆయన పదేళ్ల పట్టుదల అలా ఫలించింది.

ఇక మన చుట్టరికం సంగతి. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పింది. కోరమాండల్ తీరంలోని అద్దకపు చీటిగుడ్డలు ఇంగ్లండు వారిని ఎంతగా వశపరచుకున్నాయంటే, ఇక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టి, 1700లోనూ 1721లోనూ పార్లమెంటు చేత నిషేధ చట్టాలు చేయించారు. నూలు గుడ్డల మీది ఆ నిషేధం 1774లో గానీ తొలగలేదు. చిరివేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం, పటికతో రంగుకు నిలకడ తేవడం మన తీరంలోని వారికి తరతరాల విద్య. ఉతికిన కొద్దీ కాంతి తగ్గని గుడ్డను ఇంగ్లండు మొదట మన వారి చేతుల్లోనే చూసింది. ఆ గుడ్డలకు అనుకరణగానే ఇక్కడ అచ్చు పరిశ్రమ పెరిగింది. వాండిల్ ఒడ్డున 18వ శతాబ్దంలో వెలసిన అచ్చు కర్మాగారాలు అటువంటివే. కనుక మోరిస్ తొట్టి పెట్టిన ఆ ఏటి ఒడ్డుకు మన కృష్ణా తీరంతో సంబంధం లేకపోలేదు.

ఈ సంగతిని మోరిస్ ఎరుగనివాడు కాదు. సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో పారశీక, భారతీయ, ఇటాలియన్ వస్త్రాలను గంటల తరబడి పరిశీలించేవాడు. 1879లో బర్మింగ్‌హామ్‌లో చేసిన ప్రసంగంలో, ఇంగ్లీషువారి వ్యాపారమూ పాలనా కలిసి భారతదేశపు చేతిపనులను నాశనం చేస్తున్నాయని బహిరంగంగా విమర్శించాడు. జైళ్లలో ఖైదీల చేత చవక తివాచీలు నేయించి, ప్రభుత్వమే అసలైన నేతగాళ్ల పొట్ట కొడుతున్నదని ఆక్షేపించాడు. ఏలూరు, ఓరుగల్లు తివాచీలను ఎరిగిన మనకు ఆ మాటల బరువు తెలుస్తుంది. సామ్రాజ్యం ఉచ్చస్థితిలో ఉన్న రోజుల్లో, ఆ సామ్రాజ్యపు ధనికులకే సరుకు అమ్ముకొనే వర్తకుడు ఈ మాట అనడం చిన్న విషయం కాదు.

నమూనాలో అతుకులను మరుగుపరచగలిగిన ఈయన, సొంత జీవితంలో మాత్రం వాటిని దాచలేకపోయాడు. ఇంట్లో భార్య జేన్‌కూ మిత్రుడు రోసెట్టికీ మధ్య పెరిగిన అనురాగం ఆయనకు తెలుసు. 1871లో కెల్మ్‌స్కాట్ మేనర్‌ను రోసెట్టితో కలిసే అద్దెకు తీసుకొని, ఆ వేసవి వారిని అక్కడ వదలి తాను ఐస్‌లాండ్ యాత్రకు వెళ్లాడు. పెద్ద కుమార్తె జెన్నీకి 1876లో మూర్ఛవ్యాధి వచ్చింది. ఆ దిగులు ఆయనను చివరివరకు వీడలేదు. రెండవ కుమార్తె మే, తండ్రి విద్యను అందిపుచ్చుకొని, 1885 నుండి కంపెనీలో కుట్టుపని శాఖను నడిపింది. 1883 నాటి హనీసకిల్ గోడకాగితం ఆమె గీసినదే.

మరొక అతుకు గని సొమ్ము. రాగి తరిగిపోగా, డెవన్ గ్రేట్ కన్సోల్స్ కాలక్రమేణా పాషాణం, అనగా ఆర్సెనిక్, ఉత్పత్తిలో పేరుమోసింది. మోరిస్ 1871 నుండి కొన్నేళ్లు ఆ కంపెనీ డైరెక్టరుగా ఉన్నాడు. 1875 ప్రాంతంలో ఆ పదవి వదలినపుడు, సమావేశాలకు పెట్టుకొనే పొడవు టోపీ మీద కూర్చొని దానిని నలిపివేశాడని ఒక కథ. ఆనాటి ఆకుపచ్చ గోడకాగితాలలో ఆ విషమే రంగుగా వాడబడేది. దానివల్ల జబ్బులు వస్తున్నాయని వైద్యులు అంటున్నా మోరిస్ ఆ భయాన్ని కొట్టిపారేశాడు. 2003లో ఆండ్రూ మెహార్గ్ అనే శాస్త్రవేత్త పాత ట్రెల్లిస్ కాగితపు ముక్కను పరీక్షించి, దాని ఆకుపచ్చలో రాగి, ఆర్సెనిక్ ఉన్నాయని నేచర్ పత్రికలో వెల్లడించాడు. గోడ మీద గులాబీ పందిరికి పచ్చదనమిచ్చినది విషమన్న మాట. మహనీయుల చరిత్ర రాసేటపుడు ఇటువంటివి దాచడం న్యాయం కాదు.

అన్నిటికంటె ఆయనను బాధించిన అతుకు వేరొకటి. అందం అందరికీ అందాలని ఆయన ఆశ. చేతితో, మంచి రంగులతో, పనివారికి మంచి కూలి ఇచ్చి చేస్తే సరుకు ధర పెరుగుతుంది. పెరిగిన ధర ఇవ్వగలిగినది ధనికుడే. స్ట్రాబెరీ థీఫ్ కంపెనీ అచ్చుగుడ్డలలో ఖరీదైన వాటిలో ఒకటి. పేదవాని గుడిసెకు అది చేరే దారి లేదు. ఈ చిక్కు వ్యాపారంలో తెగేది కాదనీ, సమాజపు కట్టడిలోనే మార్పు రావాలనీ ఆయన నిశ్చయించుకున్నాడు. 1883 జనవరిలో డెమొక్రటిక్ ఫెడరేషన్‌లో చేరాడు. 1884 చివర మిత్రులతో కలిసి సోషలిస్ట్ లీగ్ స్థాపించాడు. గౌరవనీయుడైన కవి వీధి మూలల్లో నిలబడి ఉపన్యాసాలిచ్చాడు, పత్రికలమ్మాడు. 1885లో పోలీసు కోర్టు మెట్లెక్కాడు. 1887 నవంబరు 13న ట్రఫాల్గర్ స్క్వేర్‌లో లాఠీల కింద చెదిరిన ఊరేగింపులో ఆయనా ఉన్నాడు. పని ఆనందంగా సాగే ఒక భావి సమాజాన్ని ఊహించి, 1890లో న్యూస్ ఫ్రమ్ నోవేర్ అనే కథ రాశాడు. ఇన్ని చేసినా ఆయన కర్మాగారం నడుస్తూనే ఉంది, ధనికులు కొంటూనే ఉన్నారు. ఈ వైరుధ్యాన్ని విమర్శకులు ఎత్తి చూపారు. ఆయన దానిని కాదనలేదు, మాయచేసి కప్పనూ లేదు.

చివరి దశలో ఆయన దృష్టి పుస్తకం మీదికి మళ్లింది. 1891లో హామర్‌స్మిత్‌లో కెల్మ్‌స్కాట్ ప్రెస్ నెలకొల్పి, అక్షరాల పోతలనూ, పుటల చుట్టూ తీగల అంచులనూ తానే గీశాడు. బర్న్-జోన్స్ గీసిన 87 బొమ్మలతో చాసర్ కవి రచనల ప్రతి 1896లో వెలువడింది. దానిని కళ్లారా చూసుకొన్న కొద్ది నెలలకే, 1896 అక్టోబరు 3న, అరవై రెండవ యేట మోరిస్ కన్నుమూశాడు. పది మంది చేయవలసిన పని ఒక్కడే చేయడమే ఆయన జబ్బు అని ఒక వైద్యుడు అభిప్రాయపడ్డాడట. పల్లెటూరి బండి మీద ఆయన దేహాన్ని కెల్మ్‌స్కాట్ చర్చి తోటకు చేర్చారు. సమాధిని ఫిలిప్ వెబ్ రూపొందించాడు.

ఆయన కంపెనీ 1940లో మూతపడింది. అచ్చులు మాత్రం శాండర్‌సన్ సంస్థ చేతికి వచ్చి నిలిచాయి. హక్కుల గడువు తీరిపోవడంతో ఆ పూలతీగలు ఇప్పుడు అందరి సొత్తు. టీ కప్పుల మీద, ఫోను తొడుగుల మీద, కంప్యూటరు తెరల మీద చవకగా పాకుతున్నాయి. తన జీవితకాలంలో పేదవాని ఇంటికి చేరని అల్లిక ఇలా చేరింది. అయితే దానితో పాటు చేరవలసిన రెండవ భాగం, పనిచేసేవాని ఆనందం, ఆయన కోరినట్లు చేరిందా అన్నది మనం ఆలోచించుకోవలసిన విషయం.

లండనులో ఉన్నవారు వాల్తమ్‌స్టోలో ఆయన బాల్యం గడిపిన ఇంట్లోని విలియం మోరిస్ గ్యాలరీని తప్పక చూడాలి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆయన కంపెనీ అలంకరించిన పచ్చని భోజనశాల ఉంది. అదే మ్యూజియం సేకరణలో కోరమాండల్ తీరపు అద్దకాలూ ఉన్నాయి. మోరిస్ పనికి పేరు, సంవత్సరం అన్నీ ఉంటాయి. మన తీరపు గుడ్డలకు ప్రాంతం పేరే గానీ పనివాని పేరు ఉండదు. ఆ పేరులేని చేతుల వారసులు నేటికీ పెడనలో టేకు అచ్చులు చెక్కుతున్నారు, గుడ్డ మీద అచ్చు పక్కన అచ్చు అతుకు తెలియకుండా దించుతున్నారు. మన పిల్లలకు మోరిస్ కథ చెప్పేటపుడు వారి కథ కూడా కలిపి చెప్పడం మన విధి. నమూనా వెనుక మనిషి ఉన్నాడని జీవితమంతా చాటిన మోరిస్‌కు మనం అర్పించగల నివాళి అదే.